రక్షయు నూహయు: ప్రవాసమునఁ దెలుఁగు నిలుచు తెఱంగు

1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలయందు విడిసి, తాను 1911లో రచించిన ‘జనగణమన’ గీతమును విద్యార్థుల యెదుటఁ బాడెను. వినినవారిలో వంగభాష నెఱిఁగినవా రరుదు. కవి తానే దాని నాంగ్లమునకుఁ బరివర్తించెను. మార్గరెట్ కజిన్సు దాని వరుసను స్వరలిపియందు నిలిపెను. పాట పుట్టినచోటు వీడి పరభాషాభాషుల నడుమ నిలువవలసినప్పు డిట్లు రెండు పనులు కావలసివచ్చెను. నాదము చెడకుండఁ గాచుట యొకటి. అర్థమును క్రొత్తచోటికిఁ దగినట్లు నడపుట రెండవది. పరదేశమునఁ బెరుగు తెలుఁగు యువజనులు తమ భాషను నిలుపుకొనుట యెట్లను ప్రశ్నమునకు సమాధానము నీ రెండింటి సంబంధమునందే యున్నది.

మహాభాష్యకారుఁడు వ్యాకరణమునకుఁ జెప్పిన ప్రయోజనము లైదింటిలో మొదటిది రక్ష, రెండవది ఊహ. వేదమును వర్ణలోపాదులచేఁ జెడకుండఁ గాచుట రక్ష. ఒక దేవతకై పఠితమైన మంత్రమును వేఱొక దేవతకు విధించిన కర్మమున వినియోగింపవలసినపుడు, నామమును మార్చి తగిన విభక్తితోఁ జెప్పుట ఊహ. వ్యాకరణ మెఱుఁగనివాఁ డిది చేయఁజాలఁడు. వల్లించినంత మాత్రమున యజ్ఞము సాగదని దీని తాత్పర్యము.

ప్రవాసాంధ్రులకు రక్ష యొక్కటియే చాలునని పలువు రందురు. బాలురచే శతకపద్యములు కంఠస్థము చేయించి, కీర్తనలు పది పాడించి, ఉగాదినాఁడు పంచకట్టు కట్టించినచో సంప్రదాయము నిలుచునని వారి తలంపు. ఇది పూర్వపక్షము. దీనిని దక్షిణదేశపుఁ దెలుఁగు వాఙ్మయమే ఖండించుచున్నది.

తంజావూరు తెలుఁగునేల గాదు. అయినను నాయకరాజులగు రఘునాథుఁడును విజయరాఘవుఁడును నచ్చటఁ దెలుఁగునఁ గావ్యములు వ్రాసిరి. యక్షగానమునకు వారి కొలువు పుట్టినిల్లువంటి దయ్యెను. పిదప నేలిన మహారాష్ట్రరాజు శాహజీయుఁ దెలుఁగున యక్షగానములు రచించెను. త్యాగరాజు (1767–1847) తిరువారూరునఁ బుట్టి తిరువయ్యాఱునఁ బెరిగెను. చుట్టు నున్న వీథి తమిళము. ఇంటి మాట తెలుఁగు. ఆయన పూర్వుల పదములను వల్లించుటతోఁ దృప్తినొందక, ‘నౌకాచరిత్రము’, ‘ప్రహ్లాదభక్తివిజయము’ వంటి కృతులకును నూర్లకొలఁది కీర్తనలకును నా యింటి మాటనే వాహనముగాఁ జేసికొనెను. అందలి వ్యావహారిక రూపములను దోషములని యెంచిన లాక్షణికులు లేకపోలేదు. ఆ రూపములే భాష యచ్చట నోటఁ గదలుచుండె ననుటకు సాక్ష్యములు. పరదేశమునఁ దెలుఁగు మూఁడువందల యేండ్లు నిలుచుటకుఁ గారణము క్రొత్తపనికి దానిని వాడుటయే కాని దాఁచియుంచుట గాదు.

ఇప్పటి స్థితిని దానితోఁ బోల్చి చూడఁదగును. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1978 మొదలు త్యాగరాజారాధన జరుగుచున్నది. అట్టి సభలకై సాధన చేయు పిన్నలలోఁ దెలుఁగులిపి రానివారు తమిళాక్షరములనో రోమనక్షరములనో చూచి పాడుదురు. తమిళలిపియందు ‘తార’, ‘దార’, ‘ధార’ లొక్క తీరుననే వ్రాయఁబడును. గుర్తులు లేని రోమను లిపియందు ‘కల’, ‘కళ’, ‘కాల’ లకు భేదము లేదు. గురుముఖమున విన్న చెవి యుచ్చారణమును గొంత దిద్దవచ్చును, అర్థమును దిద్దఁజాలదు. అర్థమెఱుఁగక చదివినవానిని యాస్కుఁడు బరువుమోయు స్తంభముతోఁ బోల్చెను. అయినను నా పిన్నలు నిందార్హులు గారు. మొదటి మెట్టు వారెక్కిరి. రెండవ మెట్టున్నదని చెప్పవలసిన పెద్దలు చెప్పలేదు.

పరదేశములందును నిట్టి దృష్టాంతము గలదు. పోలండు రాజ్యము 1795లో పటమునుండి తొలఁగి 1918లో మరలఁ దల యెత్తెను. ఆ నడుమ మిత్స్కేవిచ్ అను కవి ప్రవాసియై, తన పుట్టినసీమ యింటి నడవడులను వేఁటలను విందులను వర్ణించు ‘పాన్ తదేఉష్’ కావ్యమును 1834లో పారిసునఁ బ్రకటించెను. పూర్వగ్రంథములను భద్రపఱచుటతోఁ దనివి నొందక, పోయిన యింటినే క్రొత్తకావ్యమునకు వస్తువుఁగాఁ గొనుటచే నాతఁడు తన జాతివారికి నిలువ నీడ కల్పించెను.

ప్రవాస మనఁగా నోడ నెక్కుటయే కాదు. చిత్తూరు మండల మేర్పడిన 1911నకు ముందు మదనపల్లె కడప మండలమునను, పుంగనూరు, కుప్పములు ఉత్తరార్కాటు మండలమునను జేరియుండెను. 1956లో భాషారాష్ట్రము లేర్పడినపుడు కుప్పమునకుఁ జేరువనున్న హోసూరు తమిళనాట నిలిచెను. అచ్చటి తెలుఁగుకుటుంబములు కదలకయే ప్రవాసులైనవి. 2006నాఁటి శాసనముచేఁ దమిళము పాఠశాలలందు నిర్బంధపాఠ్యము కాఁగా, ఆ యిండ్ల పిల్లలకుఁ దెలుఁగు చదువు తావు సన్నగిల్లెను. ద్రావిడభాషలకై 1997లో నెలకొల్పిన విశ్వవిద్యాలయము కుప్పముననే యుండుటచే నీ విచార మచ్చటివారికి మిక్కిలి సమీపమైనది.

ఊహ పేరిట భాష చెడదా యని యాక్షేపింపవచ్చును. ఊహకు మేర గలదు. యాజ్ఞికుఁడు మార్చునది మార్పవలసిన పదమునే. తక్కిన మంత్రము యథాతథము. ప్రకృతి యెఱుఁగనివాని కూహ లేదు గాన రక్షయే దానికిఁ బునాది. తెలుఁగు తా నట్లే పెరిగెను. సంస్కృతపు ‘రామ’ శబ్దము డువర్ణకముఁ గొని ‘రాముఁడు’ అయ్యెను. ‘వృక్ష’ శబ్దము మువర్ణకముఁ గొని ‘వృక్షము’ అయ్యెను. చిన్నయసూరి 1858నాఁటి బాలవ్యాకరణమున శాసించిన దీ మార్గమునే. ‘బస్సు’ అను మాట యుకారాంతమై ‘బస్సునకు’, ‘బస్సులో’ అని నడచునపుడును నదియే మార్గము. ప్రకృతి పరకీయమైనను బ్రత్యయము తెలుఁగగుటచే వాక్యము తెలుఁగే. దీనికి విపరీత మపాయకరము. ‘అమ్మ’, ‘పప్పు’, ‘పండుగ’ అను నాలుగు మాటలు మిగిలి, విభక్తియుఁ గ్రియయుఁ బోయినచో నది భాష గాదు. భాషయొక్క జ్ఞాపకము మాత్రమే.

కావునఁ బ్రవాసబాలునిఁ బరీక్షించు పండితుఁడు పద్యములెన్ని వచ్చునని యడుగుటతో నాఁగరాదు. నీ వీథిలో నేఁడు కురిసిన మంచును గూర్చి మీ యవ్వకుఁ దెలుఁగున నాలుగు వాక్యములు వ్రాయుమని యడుగవలెను. ఆ వాక్యములందు దోషములుండును. వానిని దిద్దుటకే వ్యాకరణ మున్నది. వ్రాయని వాక్యమును మాత్ర మే వ్యాకరణమును దిద్దఁజాలదు.