రెండో సర్వర్ కొనే ముందు

డేటాబేస్ ఒక్క క్షణం కూడా ఆగకూడదని ఎవరైనా అంటే, ఏది పాడైనప్పుడు ఆగకూడదో ముందు అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు దొరక్కముందే చాలా చోట్ల క్లస్టర్ బొమ్మలు, లైసెన్సు కొటేషన్లు టేబుల్ మీదికి వచ్చేస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012లో వచ్చిన ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూపులు పూర్తి స్థాయిలో కావాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ కొనాలి, అదీ కోర్ల లెక్కన. డేటాబేస్ వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంటే, హైపర్‌వైజర్ చేసే మామూలు రీస్టార్టూ, నిజంగా రీస్టోర్ చేసి చూసుకున్న బ్యాకపూ చాలా సంస్థలకు చాలునని నా అభిప్రాయం. ఆపైన పెట్టే ఖర్చుకు, అది ఏ ప్రమాదం కోసమో పేరు పెట్టి చెప్పగలగాలి.

ఆ రీస్టార్టు చేసే వీఎంవేర్ హెచ్ఏ (హై అవైలబిలిటీ) సంగతే చూడండి. ఒక హోస్టు నుంచి సంకేతాలు ఆగిపోతే, దాని మీదున్న మెషీన్లను షేర్డ్ స్టోరేజీలోని అవే డిస్కులతో మరో హోస్టు బూట్ చేస్తుంది. డేటాబేస్‌కు ఇది కరెంటు పోయి వచ్చినట్టే. లాగ్ చదువుకుని, కమిట్ అయినవి నిలబెట్టి, సగంలో ఉన్నవి రద్దు చేసి తెరుచుకుంటుంది. భారీ ట్రాన్సాక్షన్ ఏదీ మధ్యలో లేకపోతే సాధారణంగా కొన్ని నిమిషాల పని. 99.99 శాతం అందుబాటు అని ఒప్పందం రాసుకున్నా ఏడాదికి 52 నిమిషాల దాకా వెసులుబాటు ఉంటుంది. ఆ కొన్ని నిమిషాలు కూడా వద్దనుకునేవారికి ఫాల్ట్ టాలరెన్స్ ఉంది: మెషీన్‌కు ఒక జంట మరో హోస్టు మీద అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది. కానీ లోపల విండోస్ క్రాష్ అయితే ఆ జంటా అదే క్షణాన క్రాష్ అవుతుంది.

రెప్లికా, అంటే మరో సర్వర్‌లో డేటాబేస్ కాపీ, ఉంటే నిశ్చింత అనేవారు రెండు సంఘటనలు గుర్తుంచుకోవాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఓ ఇంజనీర్ స్టాండ్‌బైలో ఖాళీ చేయాల్సిన డైరెక్టరీని పొరపాటున ప్రైమరీలో తుడిచేశారు. సుమారు 300 జీబీ పోయింది. రోజూ తీస్తున్నామనుకున్న డంప్‌లు పోస్ట్‌గ్రెస్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతున్నాయి, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు తిరస్కరణకు గురవుతున్నాయి. చివరికి ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఆదుకుంది. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌కు అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ లింకు 43 సెకన్లు తెగింది. ఆటోమేటిక్ ఫెయిలోవర్ తన పని తాను చేసి ప్రైమరీ హోదాను పశ్చిమ తీరానికి ఇచ్చేసింది. రెండు వైపులా రెండో వైపుకు చేరని రాతలు మిగిలిపోయి, సర్వీసు పూర్తిగా కోలుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఎవరూ ఏమీ చేయకుండా ఓ నిమిషం ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇంతకీ హెచ్ఏతో నెలనెలా ప్యాచ్‌ల బాధ తీరదు కదా అని డీబీఏలు అడుగుతారు. నిజమే. విండోస్‌కో ఎస్‌క్యూఎల్ సర్వర్‌కో ప్యాచ్ వేస్తే సాధారణంగా రీస్టార్ట్ తప్పదు. వీమోషన్ మెషీన్‌ను హోస్టు మార్చగలదు గానీ లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చలేదు. క్లస్టర్ అయితే ఒక నోడ్‌కు వేసి, దాని మీదికి మారి, రెండోదానికి వేసుకోవచ్చు. క్లస్టర్‌కు అసలు సమర్థన ఇదే, హార్డ్‌వేర్ భయం కాదు. బ్యాంకుల మాటేమిటంటారా? ఒక్క కమిట్ కూడా పోకూడదంటే సింక్రనస్ రెప్లికా కావాల్సిందే, రెండో వైపు లాగ్ డిస్కు మీద పడేదాకా ప్రతి కమిట్ ఆగడానికి సిద్ధపడాల్సిందే. అక్కడా డబ్బులడగని పనులే మరుగున పడతాయి. రెండు నోడ్లూ ఒకే హోస్టు మీదికి చేరకుండా యాంటీ అఫినిటీ రూల్ పెట్టాలి. రెండింటి డిస్కులూ వేర్వేరు స్టోరేజీల్లో ఉండాలి. ఎవరు ప్రైమరీ అన్న తగువు తీర్చే విట్‌నెస్ మూడో చోట ఉండాలి. లక్షలు పోసి కట్టిన క్లస్టర్‌లో ఆ విట్‌నెస్‌ను తెచ్చి మొదటి నోడ్ ఉన్న స్టోరేజీ మీదే పెట్టేవాళ్లున్నారు.