కొండెక్కితే తెలిసే ముట్టడి

బోస్నియాలోని సారయెవో పేరు చెప్పగానే మనకు బళ్ళో చదివిన చరిత్ర పాఠం గుర్తొస్తుంది. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు మీద కాల్పులు, ఆ వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం. లాటిన్ బ్రిడ్జి పక్కన ఆ చోటు ఇప్పటికీ ఉంది. చిన్న మ్యూజియం, గోడకో ఫలకం. ఫొటోలు దిగి కాసేపట్లో బయటపడ్డాం. ఆ ఊరివాళ్ళు ‘యుద్ధం’ అన్నప్పుడు మాట్లాడేది దాని గురించి కాదు. 1992 ఏప్రిల్‌లో మొదలై 1996 ఫిబ్రవరి 29న ముగిసిన ముట్టడి గురించి. మొత్తం 1,425 రోజులు.

వీపున సంచి తగిలించుకుని స్నేహితులతో ఊళ్ళు తిరగడం నాకు పాత అలవాటే. దానికి పెద్ద విద్యేం కావాలి, కాళ్ళుంటే చాలదా అంటారు. గోవాకైతే చాలు. యుద్ధం నడిచిన ఊళ్ళో, అదీ గోల చేసే గుంపుతో, ఎలా తిరగాలన్నది నేర్చుకోవాల్సిన పనే. సారయెవోలో మేం పెట్టుకున్న నియమం టాక్సీ ఎక్కకూడదని. డబ్బు మిగుల్చుకుందామని పెట్టుకున్నదే గానీ, ఆ ఊరు అర్థమైంది మాత్రం దానివల్లే.

సారయెవో మూకుడులాంటి ఊరు. అడుగున మిల్యాట్స్కా నది, దాని వెంబడి ట్రాము పట్టాలు, బారులు తీరిన ఇళ్ళు. చుట్టూ కొండలు. బాష్‌చార్షియా పాత బజారులో చెవాపీ తిని, పసుపు కోట అని పిలిచే బురుజు వైపు ఎక్కాం. సందులు నిటారుగా ఉన్నాయి. దారిలో కొవాచి శ్మశానం. సన్నటి తెల్లరాళ్ళ మీద పుట్టిన ఏడు మారుతుంది గానీ పోయిన ఏడు పెద్దగా మారదు: 1992, 1993, మళ్ళీ 1992. బురుజు మీద సంచులు దించి వెనక్కి తిరిగామో లేదో, దారి పొడుగునా వాగుతూ వచ్చినవాడు ‘ఒరేయ్, మొత్తం కనపడుతోందిరా’ అన్నాడు. కిటికీలు, వంతెనలు, వీధి దాటుతున్న మనుషులు. ముట్టడి వేసిన బోస్నియా సెర్బు సైన్యం ఫిరంగులు పెట్టుకుంది ఇంతకంటే పైనున్న కొండల్లో. ఆ సంగతి పుస్తకంలో ముందే చదివాను. ఆయాసపడుతూ ఎక్కాకే అది నా తలకెక్కింది.

మర్నాడు కింద, అప్పట్లో స్నైపర్ల వీధిగా పేరుపడ్డ పెద్ద రోడ్డు వెంట నడిచాం. ఎర్రలైటు పడి ఆగినప్పుడల్లా తలెత్తి చూడడం మాకో ఆట అయింది, ఆట అనడం తప్పేమో కూడా. భవనాల సందులోంచి కొండ కనపడిందంటే, కొండ మీదివాడికి మనమూ కనపడతాం. పేవ్‌మెంట్ మీద ఫిరంగి గుండ్లు చేసిన గుంతల్లో ఎర్ర రంగు పోశారు. వాటిని సారయెవో గులాబీలంటారు. అన్ని గుంతలకూ ఆ రంగు లేదు, జనం చనిపోయిన చోట్లకే. ఫోన్‌లో దారి చూసుకుంటూ నడిస్తే వాటిని తొక్కుకుంటూ పోతాం. అందుకని ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉండాలన్నాం.

మార్కాలే బజారులో 1994 ఫిబ్రవరిలో ఒకే గుండుకు 68 మంది పోయారు, 1995 ఆగస్టులో ఇంకో 43 మంది. ఇప్పుడూ అక్కడ కూరగాయలు, పళ్ళు అమ్ముతారు. మాతో వచ్చిన స్నేహితురాలికి అక్కడ బేరమాడడం ఇబ్బందిగా అనిపించింది. నాకలా అనిపించలేదు. బజారుకు వచ్చి ఏమీ కొనకుండా ముఖం వేలాడేసుకుని నిలబడితే అమ్మేవాళ్ళకేం ఒరుగుతుంది? కిలో ఆపిల్స్ కొన్నాం.

విమానాశ్రయం కింద 1993లో తవ్విన సొరంగం దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడలేదు. పొడవు సుమారు 800 మీటర్లు, ఇప్పుడు చూడనిచ్చేది కొద్ది మీటర్లే. నిటారుగా నిలబడలేని ఎత్తు. ముట్టడిలో ఉన్న ఊరికి తిండి, మందులు, ఆయుధాలు అందులోంచే వచ్చాయి. మనుషులు వంగి, వీపుల మీద బస్తాలతో నడిచారు. మా సంచుల్లో ఉన్నవి విడిచిన చొక్కాలు, ఛార్జర్లు.

త్రెబెవిచ్ కొండకు 2018లో కేబుల్ కారు మళ్ళీ వచ్చింది. పైన 1984 వింటర్ ఒలింపిక్స్ నాటి బాబ్‌స్లెడ్ ట్రాక్, ఇప్పుడు నిండా రంగుల బొమ్మలు. మా గుంపుకు అడ్డదారుల పిచ్చి. ఇక్కడ ఆ పిచ్చి పనికిరాదు. బోస్నియా కొండల్లో ఆనాటి మందుపాతరలు ఇంకా పూర్తిగా తీసేయలేదు, కాబట్టి నలిగిన దారి వదలకూడదు. గుంపులో హుషారుగా ముందుకు దూకేవాణ్ణి మధ్యలో నడిపించాలి.

చివరి రాత్రి గొడవైంది. ముట్టడి రోజుల్ని అనుభవించాలనుకునేవాళ్ళ కోసమే పెట్టిన హాస్టల్ ఒకటి ఆ ఊళ్ళో వార్తలకెక్కింది: నేల మీద పడక, గుడ్డి వెలుతురు, రాత్రంతా పేలుళ్ళ చప్పుడు. ఒకడు అక్కడే పడుకుంటానన్నాడు. ఇంకొకడు వేళాకోళంగా ఉందా అని లేచాడు. పొద్దున్నే లేచి కాఫీకి వెళ్ళగలిగినవాడికి ముట్టడి ఎలా తెలుస్తుందని నేనూ వాడి వైపే మాట్లాడాను. ‘పెట్టినవాడు చిన్నప్పుడు ఆ ముట్టడిలోనే పెరిగాడట. ఎలా చెప్పుకోవాలో ఆయన ఇష్టం కదా, మధ్యలో నీకేంటి?’ అన్నాడు మొదటివాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా నేను వెళ్ళలేదు.