ఎంగిలి పోగు, ఎర్రజెండా: బొంబాయి మిల్లుల్లో కులమూ వర్గమూ

కార్మికోద్యమ చరిత్రను మనకు చెప్పేవాళ్లు చాలామంది ఒకే వరుసలో చెబుతారు. యంత్రం వచ్చింది, మిల్లు వచ్చింది, పల్లెలొదిలి వచ్చిన జనం ఒకే కప్పు కింద పనిచేసి వర్గంగా మారారు, జెండా పట్టారు. ఇందులో కులం ఎక్కడ అని అడిగితే, అది ఊరి నుంచి వెంట వచ్చిన పాత మురికి, పోరాటంలో దానంతటదే పోతుంది అంటారు. పోలేదేమని అడిగితే అడిగినవాణ్ణి ఐక్యతను చీల్చేవాడంటారు. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో బొంబాయి బట్టల మిల్లుల దగ్గర పెట్టి చూద్దామనుకున్నాం.

మొదట పుట్టుక సంగతి. బొంబాయిలో మొదటి బట్టల మిల్లుకు 1854లో పునాది పడింది. ముప్పై ఏళ్ల తర్వాత, 1884లో, నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికుల సంఘం పెట్టాడు. ఎవరీ లోఖండే? జోతిరావు పూలే సత్యశోధక ఉద్యమంలో మనిషి, ‘దీనబంధు’ పత్రిక నడిపినవాడు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, సకాలంలో జీతం, దెబ్బ తగిలితే పరిహారం అడిగాడు. 1890లో ఆదివారం సెలవు వచ్చింది. అంటే ఏఐటీయూసీ పుట్టటానికి 36 ఏళ్ల ముందే కార్మికుడి గొంతు బ్రాహ్మణ వ్యతిరేక ఉద్యమం కడుపులోంచి లేచింది. ఆ సంఘానికి సభ్యత్వం లేదు, నిధి లేదు, నిబంధనలు లేవు, కాబట్టి అది నిజమైన యూనియన్ కాదని తేల్చేస్తారు. నిజమే, అవి లేవు. కాని చరిత్ర రసీదు పుస్తకాలతోనే మొదలవుతుందని ఎవరు చెప్పారు?

ఇక మిల్లు లోపలికి పోదాం. నేత విభాగంలో నాడెలో కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె పెట్టి, నాడె కంతకు నోరు ఆనించి, గాలి పీల్చి పోగును బయటికి లాగాలి. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లోనూ ఇట్లాగే పీల్చేవాళ్లు. అక్కడ భయం రోగాల గురించి. అమెరికాలో మాసాచుసెట్స్ రాష్ట్రం 1911లోనే నోటితో పీల్చే నాడెలను చట్టం చేసి ఆపింది. బొంబాయిలో గొడవ రోగం గురించి కాదు, ఎంగిలి గురించి. ఒకరు నోరు పెట్టిన నాడె ఇంకొకరి నోటికి వస్తుంది, అంటరానివాడి ఎంగిలి మైల అన్నారు. ఆ పేరుతో మహర్లనూ ఇతర అంటరాని కులాలవాళ్లనూ నేత విభాగం గడప తొక్కనివ్వలేదు. వాళ్లకు మిగిలింది కూలి తక్కువగా ఉండే వడుకు విభాగం. నోటితో పనిలేని నాడెలు అప్పటికే లోకంలో ఉన్నాయి. కాబట్టి ఇది యంత్రం తెచ్చిన చిక్కు కాదు. యంత్రాన్ని సాకు చేసుకుని మంచి కూలిని కొన్ని కులాలకు కాపాడిన ఏర్పాటు. కులం పనులనే కాదు, పనిచేసేవాళ్లనే విడదీసి ఒకరి మీద ఒకరిని నిలబెడుతుందని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించాడు. ఆ వాదనకు సాక్ష్యం కావాలంటే ఈ నేత విభాగం చాలు.

1928 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సుమారు లక్షన్నర మంది మిల్లు కార్మికులు సమ్మె చేశారు. గిర్ణీ కామ్‌గార్ యూనియన్ ఎర్రజెండా ఎగిరింది. అది గొప్ప పోరాటం, అందులో మాకు అనుమానం లేదు. నేత విభాగం తలుపు దళితులకు తెరవాలన్న డిమాండును కూడా చేర్చమని అంబేద్కర్ పట్టుబట్టాడు. నాయకులు అయిష్టంగానే చేర్చారు. యజమానుల ముందు పెడితే, ఇది అన్యాయమే అయితే దానికి బాధ్యులం మేం కాదన్నారు. యజమాని కార్మికుల మీదికి తోశాడు, కార్మిక నాయకుడు రేపటి విప్లవం మీదికి తోశాడు. తలుపు మాత్రం మూసే ఉంది.

1929లో మళ్లీ సమ్మె వచ్చినప్పుడు అంబేద్కర్ వ్యతిరేకించాడు. ఇక్కడ మనం మొహం చాటేయకూడదు. ఆర్నెల్లు జీతం లేకపోతే ముందు కూలిపోయేది తక్కువ కూలివాడే. ఐక్యత ఖర్చు అతని నెత్తిన, ఫలం ఇంకొకరి ఒళ్లో పడుతుంటే ఎన్నాళ్లు నిలబడతాడు? అట్లాగని దళితులు పనిలోకి పోవటం యజమానికి లాభించలేదని అనలేం. ఆ మాట దాస్తే మేమూ భజన చరిత్రే రాసినట్టవుతుంది.

కథ అక్కడ ఆగలేదు. 1936లో అంబేద్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో బ్రాహ్మణవాదమూ పెట్టుబడిదారీ విధానమూ రెండూ శత్రువులే అన్నాడు. బ్రాహ్మణవాదం అంటే ఒక కులం మనుషులు కాదు, సమానత్వాన్ని నిరాకరించటం, అది కార్మికుల్లోనూ ఉంటుందని వివరించాడు. అదే ఏడాది నవంబర్ 7న, సమ్మె హక్కును కట్టడి చేసే కాంగ్రెస్ ప్రభుత్వపు పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒకరోజు సమ్మె నడిపాడు. పదేళ్ల కింద అనుమానంగా చూసుకున్నవాళ్లు ఒక వేదిక ఎక్కారు. కులం పక్కనపెడితేనే ఐక్యత అనేవాళ్లు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి. ఆ సమ్మెకు వచ్చిన అంబేద్కర్ కులం ప్రశ్నను ఇంట్లో పెట్టి రాలేదు. ఆ కలయిక నిలవలేదన్నదీ నిజమే. 1942 నాటికి ఆయన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పెట్టుకోవాల్సి వచ్చింది. దాన్ని ఒక మనిషి మనసు మారటంగా చెప్పటం తేలిక. సవర్ణ కార్మికులు లేబర్ పార్టీ గుమ్మం ఎందుకు ఎక్కలేదో చెప్పటం కష్టం.

ఇది మనకు దూరపు కథ కాదు. తెలంగాణ నుంచి పోయిన పద్మశాలీలు బొంబాయి, షోలాపూర్, భివండి మగ్గాల మీద బతికారు. ఆ వలస కష్టం రాయాల్సిందే. రాసేటప్పుడు, మగ్గం దాకా కూడా రానివ్వనివాళ్లెవరో పక్కనే రాయాలి. అప్పుడే బీసీ, దళిత ఐక్యత మాటవరసకు కాకుండా ఉంటుంది.

విద్యార్థులకూ కార్యకర్తలకూ మేం చెప్పేది ఇంతే. ఏ ఫ్యాక్టరీకి పోయినా, ఏ యూనియన్ చరిత్ర చదివినా, ముందు సమ్మె రోజులు లెక్కపెట్టకండి. ఏ పని ఏ కులానికిచ్చారో అడగండి. సంఘం ఆఫీసులో మైకు ఎవరిది, చీపురు ఎవరిది అడగండి. ఐక్యత మాకూ కావాలి. అయితే నేత విభాగం తలుపు తెరిచాక.