ఒక్క అణా

వెండి నాణేన్ని అంచు పట్టుకునే చూడాలి. వేలి చెమట దాని ముఖానికి అంటితే కొన్నాళ్లకు మరకై తేలుతుంది. ఆదివారం పూట నాణేల పెట్టె తెరిచినప్పుడల్లా ఇంట్లో పిల్లలకు చెప్పే మొదటి మాట ఇదే.

పెట్టెలో ముందు వరసది 1972 నాటి పది రూపాయల వెండి నాణెం. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా వేశారు. దాని పక్కన 1857 తిరుగుబాటుకు 150 ఏళ్లు నిండాయని వేసిన వంద రూపాయల నాణెం. ఆ పక్కన భగత్ సింగ్ శతజయంతి నాణెం. ఆ వంద రూపాయలది బజారులో చెలామణీకి వేసినది కాదు. అలాంటివి ముందుగా డబ్బు కట్టిన సేకర్తలకు ప్రభుత్వ టంకశాల పంపుతుంది.

నిరుడు మా నర్సీపట్నంలోనే మెట్టెలు చేయించడానికి వెళ్లినప్పుడు ఆ 1857 నాణేన్ని కంసాలికి చూపించాను. తూచారు. 35 గ్రాములు. "సగమే వెండి మాస్టారూ, తక్కినదంతా రాగి, నికెలు, జింకు. కరిగిస్తే పెద్దగా రాదు" అన్నారు. ఆయన లెక్క నిజమే. కానీ ఆ మాట విన్నాక, నా పెట్టెలో అసలు విలువైనదేదో నాకు నేనే తేల్చుకోవాలనిపించింది.

అది వెండిది కాదు. అయిదో జార్జి బొమ్మతో, పువ్వు రేకుల్లాంటి అంచుతో ఉన్న అణా. రాగీ నికెలూ కలిపి వేసినది. మన్యం పితూరీ నాటి డబ్బు.

పోడు సాగు మీద అటవీ చట్టం ఆంక్షలు పెట్టింది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటు రోడ్డు వేయించేటప్పుడు మన్యం జనాన్ని నిర్బంధంగా పనిలో దించి, కూలి సరిగా ఇవ్వలేదు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ పేరు అక్కడ జనం నోట తిట్టయింది. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు వెనుక నిలబడి పితూరీ అయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఈ రోజు ఆ ఘాటు మీద పొగమంచు చూడ్డానికి కార్లు బారులు తీరుతున్నాయి. ఆ దారిలో రాళ్లు మోసిన చేతికి అందకుండా పోయిన అణాలు ఎన్నో. అందుకే వెండి నాణేల నడుమ ఈ అణాను పెట్టాను. పక్కన చీటీ మీద రాశాను: "లంబసింగి రోడ్డు కూలీల పేరిట."

మీ ఇంట్లో పాత నాణెమో పతకమో ఉంటే చింతపండుతో తోమకండి. ఆ నలుపు దాని వయసు. అది ఎవరిదో, ఎలా వచ్చిందో తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి, ఓ చీటీ రాసి దాంతో పాటే దాచండి. చీటీ లేని వెండి చివరికి చేరేది కంసాలి మూసలోకే.