దూరం నుంచి విన్న నాన్న బ్యాండు

బాల్యాన్ని వాద్యసంగీతంలోకి తేవాలనుకునేవాళ్ళు చాలామంది బాణీతోనే మొదలుపెడతారు. అమ్మ పాడిన జోలపాటో, తాత ఈలవేసిన పదమో తీసుకుని, నాలుగు మెరుగులు దిద్ది, వయొలిన్ మీదో పియానో మీదో పలికిస్తారు. వినడానికి హాయిగానే ఉంటుంది. అయితే చిన్నప్పుడు మన చెవిన పడింది బాణీ ఒక్కటేనా? అది పక్కగదిలోంచి వచ్చింది. సగం నిద్రలో చేరింది. వీధిలో అరుపులతో కలిసిపోయింది. పాడేవాళ్ళలో ఒకరు శ్రుతి తప్పుతుంటే మిగతావాళ్ళు పట్టించుకోకుండా పాడుకుపోయారు. ఇదంతా కలిస్తేనే జ్ఞాపకం. అమెరికన్ స్వరకర్త చార్లెస్ ఐవ్స్ ఇందులో దేన్నీ తుడిచెయ్యలేదు. అంతటినీ నొటేషన్‌లో పెట్టడానికి పద్ధతులు వెతికాడు. ఆయన గొప్పతనం అక్కడే ఉందని నా నమ్మకం.

ఐవ్స్ 1874 అక్టోబరు 20న కనెటికట్ రాష్ట్రంలోని డాన్‌బరీలో పుట్టాడు. టోపీల తయారీకి పేరుపడ్డ ఊరది. వాళ్ళ వంశంలో వ్యాపారస్తులున్నారు, బ్యాంకు నడిపినవాళ్ళున్నారు. తండ్రి జార్జి ఐవ్స్ మాత్రం కార్నెట్ అనే బాకా చేతపట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో, ఇరవై ఏళ్ళయినా నిండకుండానే, ఉత్తరాది సైన్యంలో ఒక ఫిరంగి దళానికి బ్యాండు మాస్టరయ్యాడు. యుద్ధం ముగిశాక ఊళ్ళో బ్యాండు నడిపాడు, చర్చిల్లో పాటలు నేర్పాడు, పిల్లలకు పాఠాలు చెప్పాడు. సంసారం గడవడానికి చివరికి బ్యాంకు ఉద్యోగంలో కుదురుకోక తప్పలేదు. ఊరి లెక్కలో ఆయన పైకి రాని మనిషి. కొడుకు లెక్కలో ఆయనే గురువు. చివరిదాకా ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆ తండ్రి నేర్పిన తీరు వింతగా ఉండేది. పిల్లల చేత ఒక పాటను ఇ-ఫ్లాట్ (E♭) శ్రుతిలో పాడించి, పియానో మీద తాను సి శ్రుతిలో వాయించేవాడు. చుట్టూ ఏం మోగుతున్నా తన స్వరాన్ని తాను నిలబెట్టుకునే చెవి రావాలని ఆయన ఉద్దేశం. తీగలు బిగించి, బరువులు కట్టి, పియానో మెట్ల మధ్య దొరకని స్వరాల కోసం వెతికేవాడు. చర్చి గంట మోత పియానో మీద పలకడం లేదేమని సతమతమయ్యేవాడు. చెరువు అవతలి నుంచి వచ్చే ప్రతిధ్వనిని వాద్యాలతో పలికించాలని చూసేవాడు. గమకంలో పుట్టి పెరిగిన మన చెవులకు రెండు స్వరాల మధ్య ఇంకా స్వరముందంటే ఆశ్చర్యం కలగదు. పియానో మెట్టే ప్రమాణంగా నడిచిన 19వ శతాబ్దపు అమెరికా చిన్న పట్టణంలో అది చాదస్తంగానే కనిపించి ఉంటుంది.

రెండు బ్యాండ్లను ఎదురెదురుగా నడిపించి, రెండు వేర్వేరు పాటలు వాయిస్తూ ఒకదాన్నొకటి దాటిపొమ్మన్నాడని కూడా జార్జి గురించి చెబుతారు. మాఘమాసంలో రెండు పెళ్ళి ఊరేగింపులు ఒకే బజార్లో ఎదురుపడ్డప్పుడు రెండు బ్యాండు మేళాలూ తగ్గకుండా వాయిస్తాయే, ఆ మోతే అది. పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు. పిల్లలు మధ్యలో నిలబడి ఒక చెవికి ఒకటి, ఇంకో చెవికి ఇంకొకటి వింటారు. చార్లెస్ ఐవ్స్ రాసిన ఆర్కెస్ట్రా సంగీతంలో సగం, ఆ పిల్లవాడు నిలబడ్డ చోటి నుంచి రాసిందే.

పాశ్చాత్య సంగీతంలో బాల్యం గురించి రాసినవాళ్ళకు కొదవలేదు. షూమన్ 1838లో పదమూడు చిన్న పియానో రచనలతో ‘కిండర్‌సేనెన్’ కూర్చాడు. డెబుస్సీ 1908లో ‘చిల్డ్రన్స్ కార్నర్’ను తన చిన్నారి కూతురికి అంకితమిచ్చాడు. రెండూ అందమైనవే. కాకపోతే వాటిలో బాల్యాన్ని ప్రేమగా చూస్తున్న పెద్దమనిషి ఒకడు గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. గదిలో అంతా సర్దిపెట్టి ఉంటుంది. ఐవ్స్ దగ్గర ఆ సర్దుడు ఉండదు.

‘త్రీ ప్లేసెస్ ఇన్ న్యూ ఇంగ్లండ్’లో రెండో భాగం ‘పుట్నమ్స్ క్యాంప్’ అందుకు మంచి ఉదాహరణ. రెడ్డింగ్ దగ్గర, అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు 1778-79 చలికాలంలో జనరల్ పుట్నమ్ సైనికులు విడిది చేసిన చోట, జులై 4న పిక్నిక్. చర్చివాళ్ళూ ఊరి బ్యాండూ వచ్చారు. ఒక పిల్లవాడు ఆ సందడి వదిలి అడవి వైపు నడుస్తాడు. నిద్రలాంటి మైకంలో పాత సైనికులు కవాతు చేస్తూ కనిపిస్తారు. మెలకువ వచ్చి మళ్ళీ బ్యాండు దగ్గరికి పరిగెత్తుతాడు. కథ ఇంతే. సంగీతంలో మాత్రం కలలోని కవాతు ఒక వేగంతో, ఊరి బ్యాండు ఇంకో వేగంతో నడుస్తాయి. ఒకటి నాలుగు అడుగులు వేసేసరికి రెండోది మూడే వేస్తుంది. 1931 జనవరిలో న్యూయార్క్‌లో ఈ రచనను మొదటిసారి నడిపించిన నికొలాస్ స్లొనిమ్‌స్కీ ఇక్కడ ఒక చేత్తో ఒక లయ, రెండో చేత్తో మరో లయ చూపించాడు. వాద్యకారులు ఎవరి చెయ్యి వాళ్ళు చూసుకుని వాయించారు.

ఇంకో సంగతి. ఊరి బ్యాండు సరిగ్గా వాయించదు. ఒకడు ముందే అందుకుంటాడు, ఒకడు లెక్క తప్పి ఒక మాత్ర ఆలస్యంగా వస్తాడు. ఆ తప్పులన్నిటినీ ఐవ్స్ నొటేషన్‌లో ఖచ్చితంగా రాసి పెట్టాడు. అంతకుముందు ‘కంట్రీ బ్యాండ్ మార్చ్’ అనే రచనలో మొదలైన ఈ పని, ఆ రచనతో పాటే పుట్నమ్స్ క్యాంప్‌లోకి నడిచి వచ్చింది. గొప్ప గొప్ప ఆర్కెస్ట్రాలు ఇప్పుడు ఆ పల్లెటూరి తప్పుల్ని వాయించడానికి గంటలకొద్దీ సాధన చెయ్యాలి. దీన్ని వెక్కిరింత అనుకున్నవాళ్ళున్నారు. అలా అనుకోవడం అన్యాయం. పగలంతా టోపీల ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి సాయంత్రం కార్నెట్ పట్టుకుంటే అతని వాయింపులో తప్పుంటుంది, ఉత్సాహమూ ఉంటుంది. తప్పును దిద్దితే ఉత్సాహం కూడా పోతుందని ఐవ్స్ భయం.

ఈ చూపు కూడా తండ్రి ఇచ్చిందే. ఆరుబయట గుడారాలు వేసి రోజుల తరబడి జరిపే ప్రార్థన కూటాల్లో ఒక రాతిపని మేస్త్రీ గొంతెత్తి, శ్రుతీ గితీ లేకుండా పాడేవాడు. అతన్ని ఎలా భరిస్తున్నారని ఎవరో జార్జిని అడిగారు. ఆ గొంతులో వినిపించే శబ్దాన్ని పట్టించుకోవద్దని, అతని ముఖంలోకి చూస్తే అసలు సంగీతం అక్కడుంటుందనే అర్థం వచ్చేలా ఆయన చెప్పాడు. కొడుకు ఆ మాట జీవితమంతా మోశాడు.

ఆ కూటాల కీర్తనలే మూడో సింఫనీకి ఆధారం. దానికి ‘ది క్యాంప్ మీటింగ్’ అని పేరు పెట్టాడు. ఆనాటి అమెరికన్ కీర్తనల బాణీలు మిషనరీల వెంట మన నేలకూ వచ్చాయి. నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు, గుంటూరు వైపు లూథరన్లు వాటిని తెచ్చి తెలుగు మాటలు తొడిగించారు. అలాంటి చర్చిలో పెరిగిన తెలుగు శ్రోతకు మూడో సింఫనీలో ఎక్కడో ఒకచోట తెలిసిన ముఖం కనిపించవచ్చు.

కనిపించినా వెంటనే కాదు, ఎందుకంటే ఐవ్స్ బాణీని ముందే చెప్పెయ్యడు. మనకు అలవాటైన పద్ధతిలో పల్లవి ముందు వస్తుంది, విస్తారం తర్వాత. ఈ సింఫనీ చివరి భాగంలో అంతా తలకిందులు. ముందు ఒక తునక, తర్వాత ఇంకో తునక, దాని మీద వేరే పలుకు. ఎక్కడో విన్నట్టుంది, పేరు గుర్తురాదు. చివరికి వచ్చేసరికి ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ కీర్తన బాణీ నిండుగా నిలబడుతుంది. పరిశోధకుడు పీటర్ బర్కహోల్డర్ ఈ నిర్మాణాన్ని విడిగా గుర్తించి పేరు కూడా పెట్టాడు. పండితుల పేరు లేకపోయినా ఇది ఎవరికైనా అనుభవమే. మరిచిపోయిన పాట గుర్తొచ్చేటప్పుడు మొదటి చరణం నుంచి వరసగా రాదు. మధ్యలో ఒక మలుపు వస్తుంది, దాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ తడుముకుంటాం. గుర్తుచేసుకోవడం ఎలా జరుగుతుందో అదే రచన నిర్మాణమయ్యింది.

1894లో ఐవ్స్ యేల్ విశ్వవిద్యాలయంలో చేరిన కొద్ది వారాలకే జార్జి పోయాడు. కొడుక్కి అప్పుడు ఇరవై ఏళ్ళు. యేల్‌లో హొరేషియో పార్కర్ అనే ప్రొఫెసర్ దగ్గర పద్ధతి ప్రకారం శిక్షణ దొరికింది. అది లేకపోతే ఇంత క్లిష్టమైన నొటేషన్ రాయగలిగేవాడు కాదు. కానీ రాయాల్సిన విషయం డాన్‌బరీలోనే ఉండిపోయింది.

అన్నిటికంటే ‘డెకరేషన్ డే’ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. నాలుగు ఋతువుల్లో నాలుగు అమెరికన్ పండుగల మీద రాసిన ‘హాలిడేస్ సింఫనీ’లో ఇది వసంతం. అంతర్యుద్ధంలో చనిపోయినవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టే రోజు. తెల్లవారుజామున పూలు కోసి తెచ్చుకునే వేళకు తీగవాద్యాలు మెల్లగా, ఏ శ్రుతి అని తేల్చి చెప్పకుండా మొదలవుతాయి. జనం పోగవుతారు, ఊరేగింపు వూస్టర్ శ్మశానవాటిక వైపు సాగుతుంది, పాత యుద్ధపు పాటలు ముక్కలు ముక్కలుగా తగులుతుంటాయి. సమాధుల దగ్గర ఒక ట్రంపెట్ ‘ట్యాప్స్’ వాయిస్తుంది, అంటే సైనికుల అంత్యక్రియల్లో వాయించే పిలుపు. దాని కింద తీగవాద్యాలు వణుకుతూ ‘నియరర్ మై గాడ్ టు దీ’ కీర్తనను పలుకుతాయి. రెండూ ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉంటాయి.

ఆ తర్వాత డ్రమ్ములు మొదలై, ఒక్కసారిగా బ్యాండు రీవ్స్ రాసిన ‘సెకండ్ రెజిమెంట్’ మార్చ్ అందుకుంటుంది. పిల్లవాడు ఎగిరి గంతేసే మార్చ్ అది. శ్మశానం నుంచి ఇంత హుషారుగా తిరిగి రావడమేమిటని మనకు అనిపిస్తుంది. జరిగిందే అది. బ్యాండు అలాగే వాయించుకుంటూ ఊళ్ళోకి వచ్చేది, ముందు నడిచేది నాన్న. కానీ ఐవ్స్ ఆ మార్చ్‌ను శుభ్రంగా వినిపించడు. కింద ఉదయం నాటి దిగులు స్వరాలు కదులుతూనే ఉంటాయి, పెద్దవాళ్ళ మనసులో ఉన్నదంతా అక్కడ నడుస్తుంటుంది. ఒకే క్షణంలో పిల్లవాడి చెవీ, ముసలి సైనికుడి చెవీ పనిచేస్తాయి. ఈ సంగీతం రాసేనాటికి జార్జి సమాధి కూడా ఆ వూస్టర్ శ్మశానవాటికలోనే ఉంది. ఐవ్స్ ఆ సంగతి రచనలో ఎక్కడా ఎత్తి చెప్పడు. తెలిశాక విన్న మార్చ్ మాత్రం ఇంకోలా ఉంటుంది.

దూరాన్ని స్వరాల్లో చూపించడం కూడా ఈ మనిషి చేసి చూపిన పనే. 1908లో హార్మనీ ట్విచెల్‌తో పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ హౌసటానిక్ నది ఒడ్డున నడిచారు. నీళ్ళ మీద పొగమంచు. అవతలి ఒడ్డు చర్చి నుంచి పాట. ‘ది హౌసటానిక్ ఎట్ స్టాక్‌బ్రిడ్జ్’లో గొంతు నొక్కిన వయొలిన్లు తమ లయలో తాము, వేరే శ్రుతుల్లో, చెవికి అందీ అందనట్టు కదులుతుంటాయి. వాటి మీదుగా కీర్తనలాంటి బాణీ సాగుతుంది. వయొలిన్లను తీసేస్తే మంచి బాణీ ఒకటి మిగులుతుంది, నది పోతుంది. ప్రధానమైన బాణీ పక్కన నీడలా మరో పలుకును నడిపించే ఈ పద్ధతిని ఆయన చాలాచోట్ల వాడాడు.

ఇదంతా రాసినవాడు పగలు న్యూయార్క్‌లో ఇన్స్యూరెన్స్ వ్యాపారం చేశాడు, బాగా సంపాదించాడు కూడా. సంగీతం రాత్రులూ సెలవుల్లోనూ రాసుకున్నాడు. 1918లో గుండె జబ్బు, 1920ల మధ్యకల్లా కొత్త రచనలు ఆగిపోయాయి. మూడో సింఫనీని 1946లో మొదటిసారి వాయించారు, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ డబ్బు ఆయన ఉంచుకోలేదు. 1954 మే 19న చనిపోయాడు.

ఆయన తన రచనలకు వేసిన తేదీలు నమ్మదగ్గవేనా అని 1987లో మేనార్డ్ సోలమన్ గట్టి ప్రశ్న లేవనెత్తాడు. పాత రచనలకు తర్వాతి ఏళ్ళలో అపస్వరాలు చేర్చి, అందరికంటే ముందే రాసినట్టు కనిపించేలా చేశాడా అన్నది సందేహం. కాగితాలు, చేతిరాత పరిశీలించి జవాబిచ్చినవాళ్ళూ ఉన్నారు. తిరిగి తిరిగి దిద్దాడన్నది నిజం. తండ్రి ప్రయోగాల గురించి మనకు తెలిసిందాంట్లోనూ చాలాభాగం కొడుకు చెప్పిందే. ఎవరు ముందు అన్న పందెం చరిత్రకారులకు ముఖ్యం, అది తేల్చాల్సిందే. నాకు మాత్రం ఆ దిద్దుబాట్లలో, పోయిన తండ్రి గొంతు ఇంకాస్త దగ్గరగా వినాలనే తపన కనిపిస్తుంది.

మొదట వినాలనుకునేవాళ్ళు డెకరేషన్ డేతో మొదలుపెట్టండి. సుమారు పది నిమిషాలే. మైకేల్ టిల్సన్ థామస్ షికాగో సింఫనీతో చేసిన రికార్డింగ్ ఉంది, పొరలన్నీ విడివిడిగా వినిపిస్తాయి. మొదటిసారి గందరగోళంగా అనిపిస్తే బాణీ కోసం వెతకడం మానేసి, ఏ శబ్దం ఎంత దూరం నుంచి వస్తోందో గమనించండి. రెండోసారి ట్రంపెట్‌ను వదిలి కింద తీగవాద్యాలను పట్టుకోండి. మార్చ్ వచ్చాక కూడా వాటిని వదలకండి.