పున్నమినాటి కాల్‌షీటు

గడచిన ఆదివారము, అనగా ఫిబ్రవరి 1వ తేదీ ఉదయమున, ఎనిమిది గంటలగుటకు ఇంకను పది నిమిషములుండగా, మా రహమత్ నగర్ మిట్టమీద ఎదురింటి వాటాలో కాపురముండు ప్రొడక్షన్ మేనేజరు ఒక చేత సెల్‌ఫోనును, వేరొక చేత మడతపెట్టిన కాగితమును పట్టుకొని మా వసారాలోనికి వచ్చి, "గురువుగారూ, మీ దగ్గర సిగ్నల్ బాగుంటుంది, పది నిమిషాలు కూర్చుంటా" అని కుర్చీ లాగికొనెను. రైలు టిక్కెట్లను ప్రయాణమునకు 120 దినములు ముందుగా ఇచ్చు పాత పద్ధతి పోయి, 2024 నవంబరునుండి 60 దినములే నియమమైనది కదా. ఏప్రిల్ 2 గురువారపు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లను ఆనాడే తెరుచుదురు. మరునాడు గుడ్ ఫ్రైడే, ఆపై శని ఆదివారములు, వెరసి మూడు దినములు విశాఖపట్టణమున. అతనికిని, భార్యకును, కుమార్తెకును, వృద్ధమాతకును నాలుగు బెర్తులు దొరకినవి. ఆ గోదావరి ఎక్స్‌ప్రెస్ వాల్తేరు, హైదరాబాదుల నడుమ తొలిసారి పరుగిడినదియు 1974 ఫిబ్రవరి 1వ తేదీనే యని నేను చెప్పగా, ఫోనును కన్నుల కద్దుకొనెను.

అంతవరకు నాకును సంతోషమే. కాని మడత విప్పి ఆ కాగితమును నా ముందు పరచినప్పుడు మనసు చివుక్కుమన్నది. అది ఏదో పాత చిత్రపు కాల్‌షీటు. దాని వెనుకవైపు గీతలు గీసి మూడు దినములను గంటలవారీగా పంచినాడు: 6.30 స్టేషను, 7.15 రూము, 9.00 సింహాచలం, 2.00 సబ్‌మెరైన్. ఈ శీర్షికను చదువువారికి నా మతము క్రొత్త కాదు. యాత్ర యనునది గడియారమును ఇంట విడిచి చేయవలసినదనియు, కడలికడకు పోవువానికి కడలియే తోవ చూపుననియు ఇన్నేండ్లుగా వ్రాయుచునే యున్నాను. ఆ మాటయే అతనితోను అనబోవుచుండగా, ఎఱ్ఱసిరాతో క్రిందిగీత గీచిన ఒక పంక్తి కంటబడి, నోట మాట రాలేదు: "శని 5.00 — ఫిషింగ్ హార్బర్. అమ్మకి. 15 లోపే!"

ఇరువది యేండ్లకు పైమాట. మా పెద్దమ్మ పాలమూరు పల్లెసీమలో పుట్టి అక్కడనే ముదిసినది; సముద్రమును తెరమీద తప్ప చూచి యెరుగదు. 1978లో వచ్చిన బాలచందర్‌గారి 'మరోచరిత్ర'లో నలుపు తెలుపులలో కనబడిన ఆ నీళ్లు విశాఖ, భీమిలి తీరములవని నేను చెప్పిన నాటినుండి, "పడవలు చేపలు దించుడు ఒక్కపారి సూపియ్యిరా" అని ఆమె యడుగని పండుగ లేదు. ఒక మే నెల మొదటివారమున, అనుకొన్ననాడే బయలుదేరితిమి. బసకొరకు మిట్టమధ్యాహ్నము దాక తిరిగితిమి. సాయంకాలము సూర్యాస్తమయమును చూపింతునని ఇసుకలో కూర్చుండబెట్టితిని. తూర్పుతీరమున సూర్యుడు నీటినుండి లేచునే గాని నీటిలో క్రుంకడన్న సంగతి, మా వీపువెనుక మేడలచాటున ఆయన దిగిపోయిన పిమ్మట గాని నాకు తట్టలేదు. మరునాటి వేకువను హార్బరునకు పోతిమి. మరపడవలన్నియు ఒకదాని నొకటి ఆనుకొని, లంగరువేసి, కదలక నిలిచియున్నవి. వల బాగుచేసికొనుచున్న ఒక ముసలి మత్స్యకారుడు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమమ్మా, ఇప్పుడు వేట లేదు, అని చెప్పెను. పెద్దమ్మ అతని సరసను చతికిలబడి, వలకన్నులలో వ్రేళ్లు దూర్చి చూచుచు, ఏ కన్ను ఏ చేపకో అడిగి తెలిసికొనెను. మనము వంజరమను చేప అక్కడివారికి కోనామని నేను నేర్చినది ఆ సంభాషణవలననే. తిరుగుదారిలో ఆమె, "మల్లొద్దాం తియ్‌రా" అన్నది. మరల పోలేదు. మూడవయేట ఆమె గతించినది.

ఆ ప్రయాణమును గూర్చి ఇక్కడనే రెండుమారులు వ్రాసితిని. వలకన్నులలోని ఆ వ్రేళ్లను వర్ణించి, ముందుగా ఏమియు తలపోయని ప్రయాణముననే ఇట్టి భాగ్యములు లభించునని కూడ అంటిని. కాని ఆమె కోరినదానిని ఆమె చూడలేదన్న మాటను మాత్రము వ్రాయలేదు.

ఇప్పుడా వేట నిషేధము తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు. ఎదురింటివాడు దానిని విచారించి, 15కు ముందు వచ్చు సెలవునే ఏరుకొన్నాడు. శుక్రవారము సాయంకాలము 6.30కు ఎదురుగా "బీచ్, మూన్" అని యున్నది. అదేమని యడిగితిని. "ఔట్‌డోర్‌లో నేర్చిందే గురువుగారూ! వైజాగ్‌లో సన్‌సెట్ సముద్రంలో దొరకదు. పున్నమి దగ్గరపడితే మాత్రం చీకటిపడగానే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు" అనెను. వసంతవిషువము పిమ్మట వచ్చు పున్నమిని బట్టియే ఈస్టరు ఆదివారమును నిర్ణయింతురు గనుక, గుడ్ ఫ్రైడే ఎప్పుడును పున్నమి చేరువనే పడును. ఈ యేడు చైత్రపూర్ణిమ ఆ ముందునాడే.

అతని భార్య జూనియర్ ఆర్టిస్టు. కృష్ణానగర్‌లో తెల్లవారకమునుపే బండియెక్కి, చీకటిపడిన పిమ్మట దిగు ఆ యిల్లాలికి మూడు దినముల విహారమనగా మూడు దినముల కూలి పోవుటయే. అట్టి మూడు దినములను గాలికి విడువుమని ఏ ముఖము పెట్టుకొని చెప్పుదును? ప్రణాళికను నిరసించిన నా వ్రాతలన్నియు, కావలసినప్పుడు మరల పోగలనను ధీమాతో వ్రాసినవి. అవి తప్పు.

ఆదివారపు గడులలో కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ క్రిక్కిరిసియున్నవి. వానిని కొట్టివేయుమని మాత్రము అడిగితిని. అతడు కొంతసేపు ఆలోచించి, మూడింటిని కొట్టివేసి, ఆ చోటున "అమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడ" అని వ్రాసికొనెను.

మీ యింటను సముద్రమును చూడని పెద్దలుండవచ్చును. మరపడవలు ఏప్రిల్ 14 దాక మాత్రమే వేటకు పోవును. టిక్కెట్లను ఈ వారమే చూచుకొనుడు.