మూడు నియమాలు, ఒక డప్పు

ఈ వారం గోడల మీద మళ్ళీ ఆ పోస్టర్లే. మూడు రోజుల ఆశీర్వాద సభలు, వీసా కోసం ప్రత్యేక ప్రార్థన, ఆగిపోయిన ఇల్లు, కుదరని పెళ్ళి, రావలసిన ఉద్యోగం. వాటి నడుమ పెద్ద అక్షరాల్లో, దేవుని దృష్టిలో నువ్వెంత విలువైనవాడివో తెలుసుకో రమ్మని పిలుపు. ఆ పిలుపుతో నాకు పేచీ లేదు. మనిషి విలువ సృష్టించినవాడే ఇచ్చాడు గనక దాన్ని తీసేసుకునే హక్కు ఊరికి గాని, కులానికి గాని లేదన్నది క్రైస్తవ విశ్వాసంలో నాకు కనిపించే అతి గట్టి మాట. నా పేచీ అంతా దాని పక్కన అతికించిన ధర చీటీతో. వీసా రావడమే విలువకు రుజువైతే, రానివాడు ఆ సభ నుంచి ఏం పట్టుకుని ఇంటికి వెళ్ళాలి? మనిషి విలువ దేవుడిచ్చిందన్న ఆ మాటనే నూటయాభై ఏళ్ళ కిందట ఒంగోలు ప్రాంతపు మాదిగలు విన్నారు. విని వాళ్ళు ఏం చేశారన్నది ఈ కాలమ్ పాఠకులకు కొత్త సంగతి కాదు. అయినా ఆ పోస్టర్లు చూశాక ఇంకోసారి చెప్పక తప్పడం లేదు.

తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడు జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం మొదలైంది. చేరేవాళ్ళకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవాళ చదివితే ఇవి వట్టి మతాచారాల్లా కనిపిస్తాయి. వాటిని ఆనాటి పల్లెలో పెట్టి చూడాలి. మాదిగ మనిషి రైతుకు కపిల తొండం కుట్టాలి, చెప్పులు కుట్టాలి, గొడ్డు చస్తే మోసుకుపోవాలి, పోలేరమ్మ జాతరకు డప్పు కొట్టాలి. ఎప్పుడు కబురొస్తే అప్పుడు వెళ్ళాలి. వీటన్నిటికీ బదులు కళ్ళంలో మేర గింజలు. అలాంటి మనిషి కోతల రోజుల్లో ఒక ఆదివారం "ఇవాళ రానండి" అంటే, అతని రోజుల్లో ఒకటి అతనిదైందన్నమాట. చచ్చిన గొడ్డు తిననంటే, దాన్ని మోసే వెట్టికీ బీట పడుతుంది. విగ్రహానికి మొక్కనంటే జాతర డప్పు ఆగుతుంది. ఊళ్ళు దీన్ని ఊరికే పోనివ్వలేదు. పని మానిపించారు, నీళ్ళకు అడ్డం పడ్డారు, కొట్టారు కూడా. ఈ గూడేల విశ్వాసానికి సాక్ష్యం అడిగితే నేను చూపించేది వాళ్ళ పాటల్నీ ప్రార్థనల్నీ కాదు, ఆ "రానండి"నే. తన విలువ ఊరి చేతిలో లేదని నిజంగా నమ్మినవాడే ఆ మాట అనగలడు.

ఇక్కడ ఎప్పుడూ వచ్చే ఆక్షేపణ ఒకటుంది: కరువులో గంజి కోసం కలిశారని. కరువు వచ్చిన మాట నిజం. 1876లో మొదలైన ధాత కరువును ఇక్కడి ముసలివాళ్ళు తరాల పాటు చెప్పుకున్నారు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పనిని క్లౌ దొర గుత్తకు తీసుకున్నాడు, తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమందికి అక్కడ కూలి దొరికింది. అయితే ఆ కరువు పనుల కాలంలో పదిహేను నెలల పాటు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒంగోలుకు దగ్గరలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగారు, దొర నీళ్ళలోకి దిగలేదు. ఆకలికీ ఈ చేరికకూ సంబంధమే లేదని నేనను. ప్రాణం నిలిపినవాడి మాట ఏ మనిషైనా చెవిన పెడతాడు, అందులో సిగ్గుపడాల్సిందేముంది? తరతరాలుగా మేర గింజల కోసం ఊరి దేవతకు డప్పు కొట్టినవాళ్ళను గింజల భక్తులని ఎవరూ అనలేదు. రైతు పెట్టిన గింజ అతణ్ణి ఉన్నచోటే ఉంచింది గనక ఎవరికీ తప్పు తోచలేదు. ఈ గంజి తాగినవాడు లేచి నిలబడ్డాడు, అందుకే ఇంకా లెక్కలు అడుగుతున్నారు.

పరాయి మతమన్న మాటకు ఇంత చోటు అక్కర్లేదు. పేరయ్య క్రీస్తు మాట వినేనాటికే రాజయోగం చెప్పే గురువుల వెంట తిరిగినవాడు. పోతులూరి వీరబ్రహ్మం కథలో మాదిగ శిష్యుడు కక్కయ్య ఉన్న నేల ఇది. వెతుకులాట ఇక్కడిదే. సంఘంలోకి వచ్చినా కులం పోలేదుగా అంటే, పోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు, పెళ్ళిళ్ళ దగ్గర ఎవరి గడప వారిదే. క్రైస్తవుడిగా పుట్టిన కవి జాషువా పురాణాల మీద పద్యం రాసినందుకు సొంత సంఘం పెద్దల చేతే వెలి అనుభవించాడు. ఎస్సీలెవరో నిర్ణయించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో తర్వాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో చోటు దొరికింది గాని, దళిత క్రైస్తవులకు దొరకలేదు. బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు పెట్టుకున్నవాళ్ళను దొంగలంటున్నారు. రెండు పేర్లు పెట్టుకోవలసిన అవసరం తెచ్చినవాళ్ళను ఎవరూ ఏమీ అనరు.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ గూడెం నుంచే వచ్చింది, దానికి జవాబు అంత తేలిక కాదు. విశ్వాసం ఆత్మగౌరవం ఇచ్చిందంటారు, తాతల కూడునీ తాతల వాయిద్యాన్నీ మైలగా చూడటం నేర్పిందిగా, అగ్రకులాల ఏవగింపునే మీరు ప్రార్థనలో పెట్టుకున్నారు అన్నది ఆ ఆక్షేపణ. చచ్చిన గొడ్డు మాంసం సంగతిలో దీన్ని నేను ఒప్పుకోను. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ కూడా చచ్చిన గొడ్డు మాంసం మానేయమని తన వాళ్ళకు చెప్పారు. ఆయన వెనక ఏ మిషనూ లేదు. ఆ మాంసం వెట్టికి ముడిపడి వచ్చేది, వెట్టితో పాటే దాన్నీ వదిలించుకోవాలని ఎవరు చెప్పినా అది సరైన మాటే. డప్పు దగ్గర మాత్రం ఆ ఆక్షేపణ నన్ను ఆపుతుంది. 1994 జులై 7న ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే, ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది. ఉద్యమం తన పేరునే డప్పు చాటింపు నుంచి తీసుకుంది. క్రైస్తవ ఇళ్ళ పిల్లలు కూడా డప్పు భుజాన వేసుకున్నారు. డప్పు దింపడమే విడుదలన్న నా వాదన ప్రకారమైతే వాళ్ళు తాతలు దాటిన గీతను మళ్ళీ వెనక్కి దాటినట్టే. అలా అన్న పాస్టర్లూ ఉన్నారు, అది వెనకబాటని, లోకంతో రాజీ అని.

కాని క్లౌ దొర నియమాలు మూడూ ఇంకోసారి చదవండి. ఆదివారం ఉంది, చచ్చిన గొడ్డు ఉంది, విగ్రహం ఉంది. వాటిలో డప్పు పేరే లేదు. అప్పట్లో డప్పు ఆగిందంటే దాన్ని కొట్టించేది జాతర గనక, కొట్టమనేది ఊరి పెద్ద గనక, కొట్టేవాడు గుడి బయటే నిలబడాలి గనక. ఆ మూడింటి అధికారాన్ని కాదన్నదే తప్ప తోలునీ తాళాన్నీ పేరయ్య తరం ఎక్కడా శపించలేదు. ఈదుమూడి పిల్లలు ఎవరో పిలిస్తే కొట్టలేదు, తమ సభకు తామే చాటింపు వేసుకున్నారు. ముత్తాత డప్పు దింపినప్పుడు చేసింది, మునిమనవడు ఎత్తుకున్నప్పుడు చేసింది ఒకే పని అన్న సంగతి పోస్టర్ల మీద వీసా ప్రార్థన రాయించే పాస్టరు గార్లు ఆదివారం ప్రసంగంలో చెప్పాలి. చెప్పాక ఆ డప్పును ఆరాధనలోకి కూడా రానివ్వాలి.